తుప్పుకు పదకొండు ఫిర్యాదులు

మా ఆవిడ కళ్లు మూసుకుని నవ్వుతోంది. ఎదురుగా నేనున్నాను. కారణం మాత్రం నేను కాదు.

నాది నట్లు, బోల్టులు, తలుపు బందులు అమ్మే కొట్టు. నిరుడు ఇచ్చిన బోల్టుకూ ఈ ఏడు ఇచ్చే బోల్టుకూ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. నా వ్యాపారం అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. కాపురాన్ని కూడా అలాగే నడుపుకొస్తున్నాను. అదే కుర్చీ, అదే మీసం, భోజనాల దగ్గర అవే మూడు జోకులు.

అలాంటి ఇంటికి తుప్పు పట్టింది.

తుప్పు అంటే మెటల్ అనే అరుపుల సంగీతం వాయించే ఒక బ్యాండు పేరు. లోకంలో ఇన్ని పేర్లుండగా ఇనుప సామాన్ల వ్యాపారి భార్య వెతికి వెతికి తుప్పును అభిమానించడం ఏం న్యాయమో మీరే చెప్పండి. నలుగురు మగాళ్లు. పాడేవాడికి నడుం దాకా జుట్టు. నాకు చెవుల పైన మాత్రం మిగిలింది. వాణ్ణి ద్వేషించడానికి ఇంకో కారణం అక్కర్లేదు. గుర్రు మాస్టారు అని పేరు పెట్టాను.

"వాళ్లది ప్రోగ్రెసివ్ మెటల్ అండీ," అంది మా ఆవిడ. బడిలో లెక్కల టీచరు కాబట్టి ఏం చెప్పినా పాఠంలాగే ఉంటుంది. "మొదటి ఆల్బమ్ అంతా అరుపులే. రెండోదాంట్లో తాళం మార్చేశారు, ఎనిమిది దెబ్బలు పడాల్సిన చోట ఏడు. మూడోదాంట్లోకి పియానో వచ్చింది. ఇప్పుడీ నాలుగోది సగం గుసగుసే."

"అంటే వచ్చిన పని మర్చిపోతున్నారన్నమాట."

"ఎదుగుతున్నారన్నమాట. ఏ రెండు ఆల్బమ్‌లూ ఒకలా ఉండవు."

"నా సరుకు అలా ఉంటే జనం కొట్టు మూయిస్తారు."

"మీ సరుకు సంగతి నాకు తెలీదా? పద్దెనిమిదేళ్లుగా అదే మొదటి ఆల్బమ్ వింటున్నాను."

పంతానికి ఒక పాట విన్నాను. రేకుల కప్పు మీద సుత్తుల బస్తా బోర్లించినట్టుంది. ఆ మాటే చెప్పాను.

"నాలుగుసార్లు వినండి. మెల్లగా ఎక్కుతుంది," అని ఇయర్‌ఫోన్లు రెండూ తన చెవుల్లోనే పెట్టుకుని మళ్లీ కళ్లు మూసుకుంది. ఇరవై మూడు నిమిషాల పాట. నేను మాట్లాడితే మూడో నిమిషానికే కూర గుర్తొచ్చి వంటింట్లోకి పోయే మనిషి, ఇరవై మూడు నిమిషాలూ కదల్లేదు!

వ్యాపారి బుర్ర ఊరుకుంటుందా? పది మంది మెచ్చుకుంటే ఏ కొట్టువాడూ పట్టించుకోడు. ఒక్కడు గట్టిగా ఫిర్యాదు చేస్తే వణికిపోయి పాత సరుకే తెప్పిస్తాడు. తుప్పు వాళ్ల చేత పాత అరుపులే మళ్లీ అరిపించాలి. కొత్తదనం పోతే మా ఆవిడకు మొహం మొత్తుతుంది. అప్పుడిక ఇంట్లో మిగిలేది నేను.

బ్యాండు పేజీలో 'మాకు రాయండి' అనే చోటు వెతికి పట్టుకుని రాశాను.

"అయ్యా, మొదటి ఆల్బమ్‌లో పన్నెండు పాటలు, అన్నీ గట్టి సరుకు. నాలుగోదాంట్లో ఐదే వచ్చినవి. తూకంలో తేడా ఉన్నది. పైగా మూడో పాటలో మర సరిగా కూర్చోక బిగిస్తే జారుతున్నది. వెంటనే పాత సరుకు పంపగలరు. ఇట్లు, పాత అభిమాని."

మర్నాడే జవాబు. "మీ పరిశీలన అమోఘం. సరిగ్గా ఎన్నో నిమిషంలో జారుతోందో తెలుపగలరా? ఇట్లు, తుప్పు."

ఫిర్యాదు చేసినవాడు రుజువు చూపించాలి కదా! బందుల అరల వెనక కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. దెబ్బకొక వాషర్ చొప్పున బల్ల మీద పేర్చుకుంటూ పోయాను. తలుపు గడియ కావాలని వచ్చినాయన మూడుసార్లు దగ్గాడు.

"ఉండండి, ఏడు అవనివ్వండి," అన్నాను.

దొరికింది. పద్నాలుగో నిమిషంలో ఎనిమిదో వాషర్ పడాలి, పడలేదు! ఆ సంతోషంలో రెండో ఉత్తరం రాశాను. దానికీ జవాబు, మళ్లీ ఒక ప్రశ్న. మూడు, నాలుగు, ఐదు... వారానికి రెండు చొప్పున పోతున్నాయి.

ఇదే సమయంలో ఇంట్లో ఇంకో ఉపద్రవం మొదలైంది. మా ఆవిడ ఫోను చూసి పకపకా నవ్వుతోంది. ఏదో టైపు చేస్తోంది. మళ్లీ నవ్వుతోంది. గుర్రు మాస్టారే రాస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది. అన్నం సహించలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఎవరు?"

"బ్యాండు పేజీకి ఒకాయన రాస్తున్నాడండీ. పాత అభిమాని అట. ఏం చెవులు! ఏం చమత్కారం!"



"ముసలాడయ్యుంటాడు," అన్నాను.

"రాత చూస్తే అలా లేదే."

"జుట్టుండదు."

"మీకెలా తెలుసు?"

"ఊరికే... ఊహించాను."

"ఉంటేనేం, లేకపోతేనేం? అలాంటి మనిషి పక్కన ఒక్క సాయంత్రం కూర్చుంటే చాలు."

చూశారా నా ఖర్మ! గుర్రు మాస్టారి పోటీ చాలనట్టు నాకు నేనే పోటీకి తయారయ్యాను. అది నేనే అందామంటే ఫిర్యాదుల బండారం బయటపడుతుంది. అనకపోతే ఆ పాత అభిమాని గాడు నా కుర్చీ లాగేసుకునేలా ఉన్నాడు. వాడి మీద అసూయతో నిద్ర పట్టలేదు. వాడు మాత్రం నా పక్కమీదే, నా దిండు మీదే ఉన్నాడు.

వాడి పరువు తీయాలని పదో ఉత్తరం పరమ మొరటుగా రాశాను. "మీ పియానో ఆయన్ని మా కొట్టుకు పంపండి. వంగిన మేకులు ఏరుకుంటాడు." మా ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. పదకొండో ఉత్తరంలో, తమరు వాయించడం మానేస్తే లోకానికి మేలని రాశాను.

జవాబు వచ్చింది. "ఆదివారం నాలుగింటికి మా సాధన గదికి రండి. కొత్త ఆల్బమ్ మొదట మీకే వినిపిస్తాం."

వెళ్లి, పాత అభిమాని ఊరొదిలి పోయాడని చెప్పి వాడి పీడ వదిలించుకుందామనుకున్నాను. కొట్లో సరుకు సరిచూసుకోవాలని ఇంట్లో చెప్పాను. తను అక్కయ్య ఇంటికి వెళ్తున్నానంది. చూస్తే కుర్చీ మీద నా మంచి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టి ఉంది.

"సరుకు చూడ్డానికి ఇదెందుకే?"

"వేసుకోండి. సరుకైనా మిమ్మల్ని చూడాలి కదా!"

కార్లు బాగుచేసే షెడ్డు వెనక మెట్లెక్కితే ఆ గది. గోడల నిండా గుడ్ల అట్టలు, నేల నిండా వైర్లు. నడుం దాకా జుట్టున్నవాడు కళ్లజోడు సవరించుకుంటూ, పిల్లి మెత్తగా అడుగేసినంత గొంతుతో, "రండి బాబాయ్ గారూ," అన్నాడు.

బాబాయ్! ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం ఆ ఒక్క పిలుపుతో చెడింది.

ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాంట్లో మా ఆవిడ.

"సరుకు సరిపోయిందా అండీ?"

"మీ అక్కయ్య ఇల్లు ఇదేనా?"

"కూర్చోండి. మొదటి ఉత్తరానికే దొరికిపోయారు. పాటలో మర జారుతోందని రాసేవాడు భూమ్మీద ఇంకొకడుంటాడా? అభిమానుల్లోంచి నన్నే పెట్టుకున్నారు, వీళ్లకు వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసేది నేనే."

"మరి ఫోను చూసి నవ్వింది..."

"మీ రాతలకే."

"ముందే చెప్పొచ్చు కదా!"

"పద్దెనిమిదేళ్లలో నాకు ఒక్క ఉత్తరం రాశారా? వారానికి రెండు వస్తుంటే ఆపుకోమంటారా?"

ఈలోగా డ్రమ్ములు మోగాయి. గుర్రు మాస్టారు కళ్లజోడు తీసి ఒక్క గర్జన గర్జించాడు. పన్నెండు పాటలు... ఐదే వచ్చినవి... తూకంలో తేడా ఉన్నది! నా మొదటి ఉత్తరమే, అక్షరం పొల్లుపోకుండా. నా వేళ్లు వాటంతటవే మోకాలి మీద లెక్కపెడుతున్నాయి.

"ఆగండాగండి! ఎనిమిదోది మళ్లీ ఎగ్గొట్టారు!" అని అరిచాను.

డ్రమ్ములాయన కర్రలు ఆపి ఆలోచించాడు. "నిజమే బాబాయ్ గారూ, ఈసారి పొరపాటే."

మా ఆవిడ కళ్లు మూసుకుని నవ్వింది. కారణం ఎవరని అడగాలనిపించింది గానీ ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు ప్రతి మంగళవారం ఒక ఫిర్యాదు రాసి ఇవ్వాలని ఇంట్లో ఆజ్ఞ అయింది. అది బ్యాండుకు కాదు, నేరుగా ఆవిడకే. పాత ముక్కలు వాడితే తిప్పి పంపేస్తుంది.

మొన్న ఒకాయన కొత్త బోల్టులు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. "ఇవి పాతవాటిలా లేవండీ, మర కూర్చోవడం లేదు."

చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి ఆయన్ని జాలిగా చూశాను.

"నాలుగుసార్లు ప్రయత్నించండి. మెల్లగా ఎక్కుతుంది."