ముంగిస చార్జి తీసుకున్న గుడ్లు

ఒక పెద్ద అడవిలో పన్నెండు సంఘాలు, ఏడు ఉపసంఘాలు, ఒకే ఒక్క మడుగు ఉండేవి. సంఘాల వల్ల ఎవరికీ దాహం తీరదు కాబట్టి అందరూ ఆ మడుగునే నమ్ముకుని బతికేవారు.

నిజానికి ఆ అడవికి అందరూ ఎక్కణ్ణించో వచ్చినవాళ్లే. దుప్పులు కొండ అవతలి నుంచి వచ్చాయి. అడవిదున్నలు గడ్డి వెతుక్కుంటూ వచ్చాయి. కాకపోతే ముందొచ్చినవాళ్లకి తాము వచ్చిన సంగతి గుర్తుండదు, వెనకొచ్చినవాళ్లు వచ్చిన సంగతి మాత్రం తారీఖుతో సహా గుర్తుంటుంది.

మడుగు పడమటి గట్టున పొడుగాటి మద్దిచెట్ల మీద కొంగలుండేవి. వాళ్ల ముత్తాతలు మంచు కురిసే పడమటి దేశాల నుంచి వచ్చారు. తూర్పు గట్టున, తుంగలో బాతులుండేవి. తూర్పున పెద్ద నదులు సముద్రంలో కలిసేచోట వాళ్ల లంకల్ని ఏరు కోసుకుపోతే, వాళ్ల అమ్మమ్మలు కట్టుగుడ్డలతో అన్నట్టుగా వచ్చిపడ్డారు. ఇప్పుడున్నవాళ్లలో ఒకరిద్దరు ముసలివాళ్లు తప్ప అంతా ఈ అడవిలో పుట్టినవాళ్లే. అయినా కొంగల్ని "మన కొంగలు" అనేవారు, బాతుల్ని "ఆ వచ్చిన బాతులు" అనేవారు. ఇద్దరూ తినేది అదే మడుగులో చేపలే. కొంగ తింటే అది ఆహారం, బాతు తింటే అది కంపు.

ఆ అడవి పంచాయతీకి కార్యదర్శి ముంగిస ముకుందం. అతనికి గుడ్డంటే ప్రాణం. తుంగలో బాతుగుడ్లు అరవైనాలుగు ఉన్నాయని అతనికి కంఠతా వచ్చు. మూడేళ్లుగా ఆ దుబ్బుల చుట్టూ తిరుగుతున్నాడు గానీ ఒక్క పెంకు కూడా నాకలేకపోయాడు. ఎందుకంటే బాతుల పద్ధతి వేరు. ఒకామె మేతకి లేస్తే పక్కామె వచ్చి ఆ గుడ్ల మీద కూర్చుంటుంది. ఆమె లేస్తే ఇంకొకామె. ఏ గుడ్డు ఎవరు పెట్టారో ఎవరికీ పట్టదు. గుడ్డు మాత్రం ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

దొంగతనంగా కుదరనిదాన్ని దర్జాగా ఎలా చేయాలో ముకుందానికి తెలుసు. ఫైలు తెరిచాడు.

"ప్రెసిడెంటు గారూ, మడుగుకి రెండు పక్కలా వలసొచ్చిన జాతులున్నాయి. ఎవరు బాగుపడ్డారు? ఎవరు పడలేదు? ఎందుకు పడలేదు? ఇది తేలకుండా మనకి నిద్రెలా పడుతోందండీ?"

ప్రెసిడెంటు అడవిదున్న గవరయ్యకి అప్పటిదాకా నిద్ర బాగానే పడుతోంది. "తేల్చడానికి సంఘం వేస్తే మీటింగుల్లో వెదురు మొవ్వులు పెడతారా?" అని అడిగాడు.

"రోజూ పెడతామండీ."

"అయితే వేసేద్దాం."

అలా 'పోలిక సంఘం' పుట్టింది. బాగుపడని జాతిని బాగుపరచడం కోసం రాళ్లగుట్ట మీదికి పంపాలని తీర్మానం రాశారు. ఆ గుట్ట మీద నీళ్లూ లేవు, నీడా లేదు. అందుకని దానికి అభివృద్ధి గుట్ట అని పేరు పెట్టారు. అప్పగించిన ఆస్తిలో లెక్క తగ్గించినవాళ్లనీ, వాళ్ల కుటుంబాల్నీ కూడా ఆ గుట్టకే పంపాలని ముకుందం ఇంకో రూలు చేర్చాడు. గుడ్లు స్థిరాస్తి కిందికి వస్తాయి కనుక అవి ఉన్నచోటే ఉండాలి, వాటి బాగోగులు కార్యదర్శి చూసుకుంటాడు. ఈ ఆఖరి వాక్యం ముకుందం తన చేత్తో, చాలా చిన్న అక్షరాలతో రాశాడు.

ఫారం తయారుచేసే పని నిపుణుడికి ఇచ్చారు. నిపుణుడు ఎవరయ్యా అంటే కొంగల పెద్ద ఫ్రెడరిక్. ఆయన మెడ సాచి, ముక్కు ఎత్తి, మూడు గడులు గీశాడు. గూడు నేలకి ఎంత ఎత్తున ఉంది? గూటికి ఎన్ని గుడ్లు? ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలరు?

జనాభా లెక్కలకైనా, ఓట్ల లెక్కలకైనా ఆ అడవిలో దొరికేది బడిపంతుళ్లే. కుందేలు సుభద్ర టీచర్ చేతికి ఫారాలు ఇచ్చారు. ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కార్యదర్శి గారూ, కొంగలొచ్చి నాలుగు తరాలైంది. బాతులొచ్చి రెండే. ఎవరెప్పుడొచ్చారో ఒక గడి ఉండొద్దా?"

"ఆ గడి పెడితే తేడా తగ్గిపోతుంది టీచరమ్మా. తేడా తగ్గిపోతే సంఘం ఎందుకు? మొవ్వులెందుకు?" అన్నాడు ముకుందం.

ఆవిడ ముందు మద్దిచెట్టు దగ్గరికి వెళ్లింది. పైనుంచి ఫ్రెడరిక్ జవాబులు చెప్పాడు. "ఎత్తు అరవై అడుగులు. గుడ్డు ఒకటి. మేం ప్లానింగ్ పాటిస్తాం. ఒంటికాలి మీద రోజంతా నిలబడతాం, రెండో కాలు అవసరం మాకెప్పుడూ రాలేదు."

ఆయన భార్య క్లారా ఆ ఒక్క గుడ్డు మీదే ఇరవై రోజులుగా కూర్చుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. "ఒక్క గంట మీరు కూర్చుంటారా? కాళ్లు పట్టేశాయి," అంది మొగుడితో.

"నాకు పోలిక మీటింగుంది," అన్నాడు ఆయన.

క్లారా కిందికి వంగి టీచరుతో మెల్లగా అంది: "మా జేజమ్మ చెప్పేదండీ, మావాళ్లొచ్చిన కొత్తలో ఈ చెట్లెక్కనిచ్చేవారు కాదట. చేపల కంపనేవారట..."

"క్లారా! గడిలో లేని సంగతులు చెప్పకు," అని కసిరాడు ఫ్రెడరిక్.

టీచర్ తుంగలోకి వెళ్లేసరికి బాతులన్నీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాయి. అందరికంటే పెద్దది జొహరా నానీ. నానీ అంటే వాళ్ల వాడుకలో అమ్మమ్మ. చిన్న పిల్లగా తల్లి వెనకాల ఈదుకుంటూ వచ్చిన బాతు ఆవిడే.

"గూడు ఎత్తెంతమ్మా?"

"అర అడుగు. వానొస్తే సున్నా."

"ఒంటికాలి మీద నిలబడగలరా?"

"రెండున్నాయి కదమ్మా, ఒకటి దాచుకోవడం దేనికి? ఇంతకీ ఈత గురించి అడగవేం?"

"ఆ గడి లేదు నానీ. ఫారం గీసినాయనకి ఈత రాదు."

తర్వాత గుడ్ల గడి వచ్చింది. ఈ తుంగలో గుడ్లెన్ని అని టీచర్ మొదటి బాతునడిగింది. "అరవైనాలుగు," అంది ఆ బాతు. ఎవరివి అని అడిగితే "మావే" అంది. రెండో బాతునడిగినా అరవైనాలుగే, మావే. ముప్ఫైయేడు బాతులూ అదే మాట చెప్పాయి. ఏ ఒక్కతీ అబద్ధం చెప్పలేదు.

టీచర్ తల పట్టుకుని ముకుందం దగ్గరికి వెళ్లింది. "ఇవన్నీ ఒకే అరవైనాలుగండీ. ఎవరికి వారికి విడిగా రాస్తే మొత్తం తప్పుతుంది."

ముకుందం కళ్లు మెరిశాయి. "చెప్పింది చెప్పినట్టు రాయమని కదా రూలు. మీరు బుర్ర వాడకండి, దానికి భత్యం లేదు."

ముప్ఫైయేడు అరవైనాలుగులు కూడితే రెండువేల మూడువందల అరవైయెనిమిది వచ్చింది.

ఆ అంకె వినగానే అడవి గుండె గుభేలుమంది. దుప్పులు మేత మానేశాయి. "రేపు మనం నిలబడటానికి చోటుంటుందా?" అని మడుగులో ఎన్నడూ దిగని కోతులు ఏడ్చాయి. ఎవరూ వెళ్లి తుంగలోకి తొంగి చూసిన పాపాన పోలేదు. చూస్తే భయం పోతుంది. అప్పటికి అందరికీ ఆ భయం రుచిగా ఉంది.

మూడు రోజుల్లో బాతులు ఖాళీ చేయాలని నోటీసొచ్చింది. గుడ్లు పిల్లలు కావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

నోటీసు చదివించుకుని జొహరా నానీ గుడ్ల మీదే కూర్చుండిపోయింది. చిన్నప్పుడు లంక విరిగిపడినప్పుడు వాళ్లమ్మ ఈదగలిగిన పిల్లల్ని మాత్రమే వెంటబెట్టుకుని వచ్చింది. గుడ్లు అక్కడే ఉండిపోయాయి. అమ్మ బతికినన్నాళ్లూ తూర్పుకేసి చూసి ఏడ్చేది. "అప్పుడు తీసుకుపోయింది ఏరు. ఏటితో ఎవడు పోట్లాడతాడు? ఇప్పుడు తీసుకుపోయేది కాగితం," అంది నానీ. ఆవిడకి దుఃఖం కంటే కోపం ఎక్కువగా వచ్చింది. ఆ కోపంతోనే లేచి, పక్కామెని గుడ్ల మీద కూర్చోబెట్టి, పంచాయతీకి నడిచింది.

కొత్తగా వచ్చినవాళ్లకి ఒక లాభం ఉంది. ప్రతిదానికీ అర్జీ పెట్టుకుని పెట్టుకుని రూల్సన్నీ నోటికొచ్చేస్తాయి. అడవిలో పాతుకుపోయినవాళ్లకి ఆ అవసరం పడదు.

"వెళ్లమంటే వెళతాం బాబూ," అంది నానీ గవరయ్యతో. "కానీ అప్పగింత లేకుండా ఎలా వెళతాం? పోయినేడు పాత కార్యదర్శి దిగిపోతే, విరిగిన కుర్చీతో సహా లెక్కరాసి, సంతకం పెట్టించుకుని కదా చార్జి ఇచ్చాడు. మా గుడ్లకీ అలాగే చార్జి తీసుకోమనండి."

"న్యాయమే," అన్నాడు గవరయ్య మొవ్వు నములుతూ. "ముకుందం, చార్జి కాగితం రాయి. గుడ్లు ఎన్ని?"

ముకుందం నసిగాడు. "అంటే... చూసి... లెక్కపెట్టి..."

"మళ్లీ లెక్కెందుకు? నీ రిపోర్టులో ఉంది కదా, రెండువేల మూడువందల అరవైయెనిమిదని? తప్పా?"

తప్పంటే రిపోర్టు పోతుంది, గుట్ట పోతుంది, ఉద్యోగమూ పోతుంది. "ఒప్పేనండీ," అన్నాడు ముకుందం. సంతకం పెట్టాడు. గవరయ్య గిట్టతో ముద్ర గుద్దాడు.

"పిల్లలయ్యాక తలకాయలు చూపించి అప్పజెప్పాలి. తగ్గితే నువ్వూ నీ వాళ్లూ గుట్టెక్కాలి. ఆ రూలు నువ్వు రాసిందే," అని గుర్తుచేశాడు.

ఆ రోజు నుంచి ముంగిస బతుకు తలకిందులైంది. ఒక్క గుడ్డు మురిగినా లోటు పెరుగుతుంది. బాతులు వెళ్లిపోతే పొదిగేదెవరు? అతను పరుగెత్తుకుంటూ తుంగలోకి వచ్చి నానీ కాళ్ల మీద పడ్డాడు. "వెళ్లకండి నానీ! పిల్లలయ్యేదాకా కూర్చోండి. మీ అందరికీ పొదుగుడు డ్యూటీ మీద డిప్యుటేషన్ రాస్తాను."

"మా గుడ్ల మీద మేం కూర్చోవడానికి కూడా ఆర్డరు కావాలా నాయనా?" అంది నానీ. కానీ కాగితం మాత్రం జాగ్రత్తగా తీసుకుంది.

ముకుందం తుంగ చుట్టూ కాపలా కాశాడు. గుడ్ల కోసం వచ్చిన తాచుపాముతో కలబడి తోక కొస పోగొట్టుకున్నాడు. మూడేళ్లుగా కలగన్న గుడ్లు మూతి ముందే ఉన్నాయి. ముట్టుకోలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ గొడవలో ఒక ఉదయం క్లారా మద్దిచెట్టు దిగి తుంగలోకి వచ్చింది. రెక్క కింద గుడ్డు ఉంది. ఏం అడగాలో తెలియక నిలబడింది. నానీ కొంచెం పక్కకి జరిగింది. క్లారా గుడ్డు అక్కడ పెట్టి, ఆ పక్కనే కూలబడి, ఇరవై నాలుగు రోజుల తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపోయింది. ఫ్రెడరిక్ మీటింగులో ఉన్నాడు కాబట్టి ఆయనకి ఏమీ తెలియలేదు.

అప్పగింత రోజు వచ్చింది. అడవంతా గట్టున చేరింది. సుభద్ర టీచర్ ఒక్కొక్క తలా లెక్కపెట్టింది. మొత్తం అరవైయైదు. ఆ చివరిదానికి కాళ్లు కాస్త పొడుగు. మిగతావాటి వెనకాల తడబడుతూ నడుస్తోంది.

"ఇదేనా?" అన్నాడు గవరయ్య. "మిగతా రెండువేల మూడువందల మూడు ఏవి?"

"అన్ని లేవండీ! అసలెప్పుడూ లేవండీ!" అన్నాడు ముకుందం.

"లేనివాటికి సంతకం ఎలా పెట్టావు?"

"నేను ఒక్కటి కూడా తినలేదు బాబోయ్! తల్లితోడు, ఒక్కటి కూడా!"

సర్వీసు మొత్తంలో ముకుందం చెప్పిన మొదటి నిజం అదే. ఒక్కరూ నమ్మలేదు. బొద్దుగా ఉన్న అతని పొట్టకేసి చూసి కోతులు గుసగుసలాడాయి. అవును మరి, ముంగిసలు, గుడ్లు, చెప్పాలా?

పోలిక సంఘం మళ్లీ కూర్చుంది. ఫ్రెడరిక్ అవే మూడు గడులతో ముంగిసల్ని కొలిచాడు. ఇల్లు బొరియ కాబట్టి ఎత్తు సున్నాకి కింద వచ్చింది. ఒంటికాలి మీద ఒక్కడూ నిలబడలేకపోయాడు. ఆ జాతిని తక్షణం బాగుపరచాలని రిపోర్టు రాశాడు. ముకుందం కుటుంబంతో సహా అభివృద్ధి గుట్ట ఎక్కాడు. డిప్యుటేషన్ రద్దుచేయడం ఎవరికీ గుర్తులేదు కనుక బాతులు ఇప్పటికీ తుంగలో డ్యూటీ మీదే ఉన్నాయి.

మీటింగు నుంచి వెళ్తూ వెళ్తూ ఫ్రెడరిక్ తుంగ దగ్గర ఆగాడు. బాతుపిల్లల మధ్య పొడుగుకాళ్ల పిల్ల ఒంటికాలి మీద నిలబడటం చూశాడు. క్లారా తుంగ చాటుకి తప్పుకుంది. ఆయన మెచ్చుకోలుగా తలూపి, ఫారం మీద ఇలా రాసుకున్నాడు: "మన ప్రభావం వల్ల బాతుల్లో ఒకటి బాగుపడుతోంది."

నీతి: పక్కవాళ్ల గుడ్లు తినదలచుకున్నవాళ్లు, ముందు వాటి లెక్క తక్కువ చేసి రాసుకోవాలి.