ఎడమ మడమ

మన పూర్వీకుడికి రెండు కాళ్లుండేవని జొహానెస్‌బర్గ్‌లోని మానవమూలాల డిజిటల్ పరిశోధనా కేంద్రం ఆమధ్య ఒక మార్చిలో అధికారికంగా ప్రకటించింది. అంతవరకూ ఈ విషయంలో ప్రజలు వట్టి ఊహ మీద ఆధారపడి నడుస్తూ వచ్చారు. ద్వాల్‌స్ప్రూట్ గుహలో ఏనాడో దొరికిన కుడి మడమ ఎముకకు ఇప్పుడు అదే మనిషి ఎడమ మడమ ఎముక తోడైందనీ, రెండింటినీ పక్కపక్కన పెడితే వెంట్రుకవాసి తేడా లేదనీ, ప్రకృతి ఇంత శ్రద్ధగా పనిచేసిన దాఖలా మరెక్కడా లేదనీ కేంద్రం సంతోషంతో తెలియజేసింది. ఆ పూర్వీకుడికి 'సమపాద మానవుడు' అని నామకరణం కూడా జరిగింది.

ఈ ఘనత ఒరాటిలే సెయాకమెలా అనే తొలిదశ పరిశోధకురాలిది. తొలిదశ అనగానే పాఠకులు చిన్నపిల్ల అనుకోకూడదు. ఆమెకు చెవుల దగ్గర జుట్టు నెరిసింది. పక్క కుర్చీలో కూర్చునే ఫరాయి హరారే నుంచి తొలిదశలో వచ్చాడు, తొలిదశలోనే పెళ్లి చేసుకున్నాడు, కూతురు హైస్కూలుకు వెళ్తున్నా ఇంకా తొలిదశలోనే ఉన్నాడు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకునే వాళ్లను కేంద్రం ఆ పేరుతో గౌరవిస్తుంది. కోతి మనిషి కావడానికి ఎంతకాలం పట్టిందో వీళ్లు చెప్పగలరు. తొలిదశ పరిశోధకుడు మలిదశకు రావడానికి ఎంతకాలం పడుతుందో చెప్పే పద్ధతి మాత్రం ఇంకా కనిపెట్టలేదు. మధ్యలో అంతరించిపోయిన జాతులు కూడా ఉన్నాయి. ఒకాయన బీమా కంపెనీలో తేలాడు, ఒకామె కేకులు చేసి అమ్ముకుంటోంది.

కేంద్రంలో ఎముకను చేత్తో ముట్టుకోవడం అనాగరికంగా భావిస్తారు. అసలు ఎముక ఇనుప తలుపుల గదిలో, పెట్టెలో, దూది మీద నిద్రపోతుంది. తాళంచెవి డైరెక్టరు ప్రొఫెసర్ మలులెకే గారి దగ్గర ఉంటుంది. ఆయన దాన్ని పోగొట్టుకుని చాలాకాలమైంది కానీ, అవసరం పడక ఆ సంగతి బయటికి రాలేదు. ఎముకను ఎప్పుడో ఒకసారి స్కానింగ్ యంత్రంలో పెడతారు. యంత్రం దాన్ని రొట్టెలా పొరలు పొరలుగా ఫోటోలు తీస్తుంది. ఆ పొరల్ని మళ్లీ కంప్యూటర్లో పేర్చి, ఏది రాయో ఏది ఎముకో చుక్క చుక్కా విడదీయడం తొలిదశ వాళ్ల పని. ఆ పనిలో ఒరాటిలే మణికట్టు అరిగింది గానీ ఎముకను ఆమె ఒక్కసారీ చూడలేదు. అడిగితే బాగుండదని అడగలేదు.

యంత్రం కుడి మడమను ఫోటోలు తీస్తున్న రోజున, అలవాటు ప్రకారం మధ్యలో కరెంటు పోయింది. కరెంటు వచ్చాక యంత్రం నడిపే కుర్రవాడు మళ్లీ మొదటినుంచీ తీసి, రెండో ఫైలుకు 'మడమ కొత్తది' అని పేరు పెట్టి, కాంట్రాక్టు అయిపోవడంతో ఇంటికి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు ఫరాయి ఆ ఫైలు చూశాడు.

"ఒరా, ఇదేదో కొత్త మడమట. నీకేమైనా చెప్పారా?"

"నాకెవరు చెప్తారు? తెరువు చూద్దాం."

తెరిచారు. ఎడమ మడమ. కుడిదాని పక్కన పెడితే చేతులు జోడించినట్టు సరిపోయింది. ఒరాటిలేకు ఒళ్లు పులకరించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రొఫెసర్ గారైతే ఆమెను ఎత్తి తిప్పబోయి, తన నడుము నొప్పి గుర్తొచ్చి మానుకున్నారు.

ఆ తర్వాత పనులు వాటంతటవే జరిగాయి. దేశదేశాల పండితులు వ్యాసాన్ని పరిశీలించి, ఎడమ ఎముక అసలును తాము స్వయంగా చూశామని రాసి పంపారు. చూడలేదంటే పిలవలేదని అర్థం కాబట్టి ఎవరూ చూడలేదని అనలేదు. ఎడమ ఎముక మీద ఉబ్బెత్తుగా ఏవో గీతలుండటం గమనించి భాషాశాస్త్ర విభాగం వారు రంగంలోకి దిగారు. అది మానవజాతి తొలి రాత అనీ, క్షేమంగా నడిపించమని దేవుడికి పెట్టుకున్న విన్నపం అనీ తేల్చారు. అందులో వ్యాకరణ దోషం ఒకటి ఉందని కూడా చెప్పారు.

సెప్టెంబరులో వారసత్వ దినం నాడు ఘనంగా సభ పెట్టాలనీ, ఆ సభలోనే మంత్రిగారి చేతుల మీదుగా ఒరాటిలేకు శాశ్వత ఉద్యోగం ఇవ్వాలనీ నిర్ణయమైంది. శాశ్వతం అన్న మాట విని మాఫికెంగ్‌లో ఉన్న ఆమె తల్లి ఫోనులోనే పాట అందుకుంది.

"టోపీ కొన్నానే తల్లీ! ఊదారంగుది, ఈక పెట్టింది. చర్చిలో నా పక్కన కూర్చునే రమొఖెలే చూసి మూతి మూడు వంకర్లు తిప్పింది."

"అప్పుడే ఎందుకమ్మా టోపీ?"

"అప్పుడే ఏమిటే? నిన్ను కన్నప్పటినుంచీ ఆగాను."

సభకు ముందురోజు మధ్యాహ్నం ఒరాటిలే, ఫరాయి గేటు బయట కొన్న మగ్విన్యా అనే, నూనెలో వేయించిన పిండి ఉండల్ని మామిడి అచార్‌తో నంజుకుని తింటున్నారు. పక్కనే మంత్రిగారికి బహూకరించాల్సిన ఎడమ మడమ ప్లాస్టిక్ నమూనా ఉంది. అచార్ నూనె దాని మీద ఒలికింది. ఒరాటిలే నాలుక కరుచుకుని, దాన్ని పట్టుకుని ఆడవాళ్ల గదిలోకి పరుగెత్తి, కొళాయి కింద పెట్టి రుద్దింది. రుద్ది, తల ఎత్తి ఎదురుగా అద్దంలోకి చూసింది.

అద్దంలో మానవజాతి తొలి రాత కనిపించింది. 274 అని ఉంది.

అది కుడి ఎముక మీద, దొరికిన కొత్తలో దాన్ని దాచిన మ్యూజియం వాళ్లు తెల్లరంగుతో మందంగా రాసిన నంబరు. కంప్యూటర్లో కుడి ఎముక మీదినుంచి దాన్ని చుక్క చుక్కా చెరిపింది ఒరాటిలేనే. ఎడమదాని మీద తిరగబడి ఉంది కాబట్టి ఎవరూ పోల్చుకోలేదు.

"ఫరాయీ! లోపలికి రా."

"ఆడవాళ్ల గదిలోకా? ఈ నెలతో ఉద్యోగం ఎలాగూ పోతుంది, పరువైనా మిగలనీ తల్లీ."

ఆమె బయటికొచ్చి నమూనాను అతని ఫోను అద్దానికి ఎదురుగా పెట్టింది. ఫరాయి నోట్లో మగ్విన్యా అలాగే ఉండిపోయింది. ఇద్దరూ పరుగున వెళ్లి రెండో ఫైలు పొరలు చూశారు. కరెంటు వచ్చాక యంత్రం కిందినుంచి పైకి లెక్కపెట్టింది. కంప్యూటరు వాటిని పైనుంచి కిందికి పేర్చింది. అలా పేరిస్తే కుడికాలు ఎడమకాలైపోతుంది.

"కొత్తది అంటే కొత్త మడమ కాదురా నాయనా. పాత మడమకే కొత్త ఫోటో!" అంది ఒరాటిలే తల పట్టుకుని.

"ఇప్పుడేం చేస్తావ్?"

"చెప్పాలి."

"చెప్తే నీ ఉద్యోగం?"

ఒరాటిలేకు టోపీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని ప్రొఫెసర్ గారి గదికి నడిచింది.

ప్రొఫెసర్ మలులెకే అంతా ఓపిగ్గా విన్నారు. "ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అమ్మా?" అని అడిగారు.

"ఫరాయికి తెలుసు ప్రొఫ్."

"ఫరాయి కాంట్రాక్టు ఈ నెలతో సరి. అంటే ఎవరికీ తెలియనట్టే." ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఉపన్యాసం వచ్చినప్పుడు ఆయన అక్కడే నిలబడతారు. "చూడు తల్లీ. శాస్త్రం అంటే సాహసం. ఆ మహానుభావుడికి కుడి మడమ ఉందని ఒప్పుకుంటావు కదా? మరి ఎడమ మడమ లేకపోతే ఎలా తిరిగాడంటావు, గుహంతా గెంతుకుంటూనా? నీ ఎడమ మడమ నిజం. దొరకలేదు, అంతే. దొరకకపోవడం దాని తప్పు, నీది కాదు."

ఒరాటిలేకు దీన్ని ఎక్కడ ఖండించాలో తెలియలేదు. నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది. కానీ ఇంటికెళ్లాక అద్దంలో మొహం చూసుకుంటే నుదుటి మీద నంబరు రాసినట్టే అనిపించింది.

మర్నాడు సభ. మైదానమంతా మాంసం కాలుస్తున్న పొగ, పిల్లల కేకలు, ముందు వరుసలో ఊదారంగు టోపీ. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ పూర్వీకుడు కుడికీ ఒరగలేదు, ఎడమకీ ఒరగలేదు. మా సంకీర్ణ ప్రభుత్వం కూడా అంతే! రెండు కాళ్ల మీద నిలబడటం ఎలాగో ప్రపంచానికి నేర్పింది మనం. ఎప్పుడు కూర్చోవాలో కూడా మనమే నేర్పుతాం!"

అని ఆయన కూర్చోకుండా చాలాసేపు మాట్లాడారు. ఆ తర్వాత మైకు ఒరాటిలే చేతికిచ్చారు. ఆమె తల్లి వైపు చూసింది. ఈక గాలికి ఊగుతోంది. కళ్లు మూసుకుంది.

"ఎడమ ఎముక లేదు" అంది.

మొదట తేరుకున్నది మంత్రిగారు.

"లేదా! ఎప్పటినుంచి లేదు?"

"మొదటినుంచీ లేదండీ."

"విన్నారా! మొదటినుంచీ కాపలా లేదన్నమాట!" అని మంత్రిగారు బల్ల గుద్దారు.

లేదు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ప్రభుత్వాలు ఎప్పుడూ ఖర్చు పెట్టడానికి వీలున్న అర్థాన్నే తీసుకుంటాయి. అప్పటికప్పుడు ఇనుప తలుపు పగలగొట్టారు. లోపల కుడి ఎముక పెట్టె ఒక్కటే ఉంది. పేరు చెక్కిన ఇత్తడి రేకుతో, మఖ్మల్ మెత్తతో ఎడమ ఎముక కోసం చేయించిన కొత్త పెట్టె తలుపు బయటే ఉండిపోయింది. తెరిస్తే ఖాళీ. దొంగతనానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? ఎముకను స్వయంగా చూసిన పండితులంతా సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చారు. ముట్టుకుంటే చల్లగా ఉండేదని ఒకరూ, కుడిదానికన్నా కాస్త బరువని ఒకరూ కన్నీళ్లతో చెప్పారు. "ఎవరూ ఎత్తుకుపోలేదండీ, అలాంటి ఎముకే లేదు, ఇదిగో అద్దంలో చూడండి" అని ఒరాటిలే పోలీసు అధికారికి నంబరు చూపించి మరీ చెప్పింది. ఆయన ఆమెకు మంచినీళ్లిప్పించాడు. దగ్గరివాళ్లు పోయినప్పుడు మనుషులు ఇలాగే మాట్లాడతారని తల్లికి నచ్చజెప్పాడు.

విచారణ సంఘం నివేదిక క్రిస్మస్ సెలవులకు ముందే వచ్చింది. అందులోని తత్త్వం చాలా లోతైనది. ఈ డిజిటల్ యుగంలో ఫైలే అసలు, ఎముక దాని నకలు మాత్రమే. ఫైలు క్షేమంగా ఉంది. కనుక ఎడమ మడమ పోలేదు, దాని దేహం మాత్రమే పోయింది. ఇకముందైనా దాన్ని కంటికి రెప్పలా కాపాడాలి. ఇందుకోసం ఎడమ మడమ పరిరక్షణాధికారి అనే శాశ్వత ఉద్యోగం సృష్టించారు. లేని సంగతి మొట్టమొదట గమనించింది ఆమే కాబట్టి ఒరాటిలేను మించిన అర్హులు దొరకలేదు.

నిజం చెబితే ఉద్యోగం పోతుందని ఆమె భయపడింది. నిజం చెప్పినందుకే వచ్చింది. సిగ్గుపడాలో సంతోషపడాలో తేలక ఆ రోజంతా రెండూ చేసింది.

"చేరనా, మాననా?" అని ఫరాయిని అడిగింది.

"చేరు. నువ్వు అబద్ధం చెప్పలేదు. వాళ్లు నమ్మకపోతే నువ్వేం చేస్తావ్?"

ఒరాటిలే చేరింది. ప్రతి సోమవారం ఖాళీ పెట్టె తెరిచి చూసి, 'ఎడమ మడమ పరిస్థితిలో మార్పేమీ లేదు' అని పైకి తెలియజేస్తుంది. కేంద్రం చరిత్రలో అంత నిజాయితీగా పనిచేసిన అధికారి లేరని ప్రొఫెసర్ గారు ప్రతి సభలోనూ చెబుతారు. కుడి మడమకు కూడా ఒక కాపలాదారు కావాలని ఫరాయి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఉన్నదానికి కాపలా ఎందుకని తిప్పి పంపారు. అతను గేటు బయట మగ్విన్యా బండి పెట్టుకుని మలిదశకు చేరుకున్నాడు. బేరం బాగా సాగుతోంది.

ఈ మధ్య కొత్త భవనం కట్టారు. ఎడమ ఎముక పెట్టె ముందొక జీపు, వెనకొక జీపుతో, పోలీసు బాకాలతో ఊరేగింపుగా వెళ్లింది. కుడి ఎముక పెట్టెను పాత కుర్చీలతో కలిపి లారీలో వేశారు. సోమవారం ఒరాటిలే తన పెట్టె ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, ఎందుకో పక్క పెట్టె కూడా తెరిచింది. వెంటనే చెప్పులు చేతబట్టుకుని ప్రొఫెసర్ గారి గదిలోకి పరుగెత్తింది.

"ప్రొఫ్! కుడి ఎముక లేదు! ఈసారి నిజంగా లేదు! లారీలో పోయింది!"

ప్రొఫెసర్ గారు రూయిబోస్ టీ గుక్క తాగి కప్పు కింద పెట్టారు.

"ఎడమది భద్రంగా ఉందా?"

ఒరాటిలే అబద్ధం ఆడదు. "దాని పరిస్థితిలో మార్పేమీ లేదు ప్రొఫ్" అంది.

"మరింకేం తల్లీ. దాని ఫైలును తిప్పుకుంటే కుడిది వచ్చేస్తుంది."

కొత్త భవనంలో ఇప్పుడు సమపాద మానవుడి రెండు మడమల్నీ అద్దాల పెట్టెలో పక్కపక్కన పెట్టారు. రెండూ మేలురకం ప్లాస్టిక్. సెలవుల్లో జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, వరుసలో నిలబడి, ముక్కులు అద్దానికి ఆనించి చూసి, మన రక్తమే కదా అనుకుని వెళ్తున్నారు. ప్రవేశం ఉచితం. అసలువి చూపించమని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మీరూ అడిగే రకం కాదని కేంద్రానికి గట్టి నమ్మకం.