నీలం డబ్బాలో మామగారి పళ్ళు

ఆ ఉదయానికి పళ్ళ మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారగానే పార్కుకు వెళ్ళి ఒక నీలం డబ్బా దాచాలి. ఇంటికొచ్చి ఇంకో నీలం డబ్బా మామగారి చేతికివ్వాలి. కాఫీ తాగి అందరూ కలిసి స్కూలు మైదానానికి బయలుదేరాలి. ఇంత చిన్న పనిలో తప్పు జరగడానికి చోటెక్కడుంది అంటారేమో. రెండు డబ్బాలూ నీలమే అన్న ముక్క ఇంకోసారి చదువుకోండి.

పళ్ళ మేస్త్రీ అన్నది వీధి పెట్టిన పేరు. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పనిలో ఆయనకు వంక పెట్టినవాడు లేడు. వంకంతా ఆయన సరదాలో ఉంది. దాని పేరు జియోకాషింగ్. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు గుర్తులు ఫోనులో పెడతారు. మిగతావాళ్ళు ఫోను పట్టుకుని పొదలూ గోడలూ గాలిస్తారు. దొరికితే లోపలున్న కాగితం మీద సంతకం చేస్తారు. డబ్బాలో ఉన్న వస్తువు నచ్చితే తీసుకోవచ్చు, కానీ దానికి సమానమైనదో అంతకన్నా మంచిదో అందులో పెట్టి మరీ కదలాలి. బుద్ధి ఉన్నవాళ్ళు ఆడే ఆటేనా ఇది అని ఆయన భార్య పెళ్ళయినప్పటినుంచీ అడుగుతూనే ఉంది.

ఈ నెల వాళ్ళ గుంపులో పోటీ పెట్టారు. ఎవరి వృత్తికి తగ్గ డబ్బా వాళ్ళు చెయ్యాలి. ప్లంబరు ఒక గోడకు ఉత్తుత్తి కుళాయి బిగించాడు. తిప్పితే నీళ్ళు రావు, కాగితం వస్తుంది. దాహమేసినవాళ్ళు తిప్పి, నాలుగు తిట్లు తిట్టి పోతున్నారు. పుస్తకాల షాపావిడ లావుపాటి నిఘంటువు కడుపు కోసి అందులో డబ్బా ఇరికించింది. ఇవన్నీ చూశాక మన మేస్త్రీకి అన్నం సయించలేదు. చివరికి మామగారి పళ్ళకోసం అచ్చు పోసి, కుదరక పక్కన పడేసిన మొదటి సెట్టు గుర్తొచ్చింది. దాని పై వరసనూ కింది వరసనూ అతికించి, లోపల కాగితం చుట్ట దూర్చి, నీలం డబ్బాలో పెట్టాడు. "దీన్ని కొట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని తన భుజం తానే చరుచుకున్నాడు.

ఇక అసలు పళ్ళ సంగతి. మామగారు ఒకప్పుడు ఆ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. విజిల్‌ను పళ్ళ మధ్య కరిచిపట్టి, రెండు చేతులూ నడుముకు ఆనించి, ఒక్క ఊదు ఊదితే మైదానం మైదానమంతా బిగుసుకుపోయేది. "విజిల్ చేత్తో పట్టుకునేవాడు ట్రాఫిక్ పోలీసు అవుతాడు కానీ డ్రిల్లు మాస్టారు కాడు" అని వెక్కిరించేవారు. అటువంటి మనిషికి పళ్ళన్నీ పోయాయి. ఒకనాడు ఇంట్లో విజిల్ నోట పెట్టుకుంటే జారి కాఫీ కప్పులో పడింది. ఇంటికొచ్చిన చుట్టమొకడు పగలబడి నవ్వాడు. ఆ రోజు నోటికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు పెద్దాయన మళ్ళీ తియ్యలేదు. గదిలోంచి బయటికి రావడం మానేశారు. కూతురితో కూడా సైగలే.

ఇప్పుడు ఆ స్కూల్లో పరుగు పందేలు. మొదటి విజిల్ మీరే ఊదాలని వాళ్ళొచ్చి పిలిచారు. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. కూతురు బతిమాలింది. "మీ పళ్ళకు నాది పూచీ మావయ్యగారూ" అని అల్లుడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పుడు గానీ తల నిలువుగా ఊగలేదు. "ఈసారి కూడా నాన్న నవ్వులపాలైతే ఆ గది తలుపు ఇక తెరుచుకోదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి" అని భార్య ముందే చెప్పింది.

మరి డబ్బా మూత తీసి చూసుకుని వెళ్ళొచ్చుగా? చూడడు. పళ్ళు ఎవరివో చేతిబరువుతో చెప్పగలనని ఆయనకు గర్వం. వంటింటి గూట్లోంచి ఒక డబ్బా అందుకుని, అరచేతిలో ఎగరేసి, తృప్తిగా తలాడించి వెళ్ళిపోయాడు. పార్కు గోడలో ఊడిన రాయి వెనక దాన్ని దాచి, ఆ సంగతి ఫోనులో గుంపుకు చాటాడు. దారిలో కనబడినవాళ్ళతో గంటసేపు కబుర్లాడి ఇంటి మలుపు తిరుగుతుండగా భార్య ఫోను చేసింది.

"ఏమండీ, నాన్న పళ్ళు తెరుచుకోవట్లేదు."

"తెరుచుకోకపోవడమేంటి?"

"పైవీ కిందివీ అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే లోపల్నుంచి కాగితం వచ్చింది."

మేస్త్రీ ఉన్నచోటే ఆగిపోయాడు. "ఏం... ఏం రాసుంది?"

"'అభినందనలు! కనిపెట్టేశారు. సంతకం చేసి ఎక్కడిది అక్కడే పెట్టండి' అని. నాన్న రెండుసార్లు చదివారు. ఇప్పుడు నన్ను చూస్తున్నారు. ఆ చూపు నా చిన్నప్పుడు చూశానండీ, మళ్ళీ ఇదే."

"ఎలాగోలా మైదానానికి తీసుకెళ్ళు. పళ్ళు పట్టుకుని నేను నేరుగా అక్కడికే వస్తాను."

"పళ్ళు లేకుండానా? నా బుర్ర పనిచెయ్యట్లేదు. ఆయన్ని గుమ్మం దాటించడమెలా?"

"నీకు పుణ్యముంటుంది, తీసుకెళ్ళు!"

మేస్త్రీ వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. రాయి ఉంది. రాయి వెనక డబ్బా ఉంది. హమ్మయ్య అనుకుని మూత తీశాడు. పళ్ళు లేవు. వాటి స్థానంలో పాతకాలపు ఇత్తడి విజిల్ ఒకటి తళతళలాడుతోంది. ఫోను చూస్తే గుంపులో సందేశం వచ్చి కూర్చుంది: "అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే! పళ్ళు తీసుకుని విజిల్ పెట్టాను. ఇట్లు, చీమ."

చీమ ఒక బేకరీలో పనిచేసే అమ్మాయి. ఎక్కడ ఏ డబ్బా దాచినా మొదట చేరుతుందని గుంపు ఆ పేరు పెట్టింది. మేస్త్రీ విజిల్ పిడికిట్లో బిగించి ఆమెకు ఫోను చేశాడు.

"అమ్మాయ్, ఆ పళ్ళు ఎక్కడున్నాయి?"

"మీ పనితనానికి దణ్ణం పెట్టాలండీ! చిగుళ్ళ రంగు కూడా అచ్చం..."

"అవి మా మామగారివమ్మా!"

"అయ్యయ్యో. ఎప్పుడు పోయారు?"

"పోలేదు! పరుగు పందేలకు వెళ్తున్నారు!"

"అయితే మీకొక సంగతి చెప్పాలండీ. బస్సులో పక్కావిడ అడిగితే చూపించాను. ఆవిడ కెవ్వుమంది. బస్సు ఆపేశారు. కానిస్టేబుల్ వచ్చి నా చేతిరుమాలుతో సహా పళ్ళు తీసుకున్నాడు."

"ఆయనెక్కడున్నాడు?"

"ఎక్కడ దొరికాయని అడిగితే చెప్పేశానండీ. అక్కడికే వస్తున్నాడు."

మేస్త్రీ తల తిప్పాడు. వెనక బండరాయిలా కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులోంచి చీమ చేతిరుమాలు, అందులోంచి మామగారి ముందు పళ్ళు తొంగిచూస్తున్నాయి.

"గోడలో చెయ్యి పెట్టి ఏం వెతుకుతున్నావ్?"

"ఆ పళ్ళేనండీ."

"ఓహో. ఎవరివి?"

"మా మామగారివి."

"ఆయన ఇప్పుడు మాట్లాడగలడా?"

"లేదండీ. పళ్ళు పోయినప్పటినుంచీ మాట్లాడట్లేదు."

కానిస్టేబుల్ కళ్ళు చిన్నవయ్యాయి. "గోడలో ఎందుకు దాచావ్?"

"ఎవరో ఒకరు కనిపెడతారనండీ."

"ఇదే మొదటిసారా?"

"కాదండీ, నెలకొకటి దాస్తాను." ఈ మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ ఎలా వినిపిస్తుందో మేస్త్రీకి తట్టలేదు. "డబ్బా! నెలకొక డబ్బా! అది ఆటండీ!"

"చాలు. ముందు మీ మామగారిని చూపించు. ప్రాణాలతో ఉంటే తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

మేస్త్రీని మోటార్ సైకిల్ వెనక ఎక్కించుకుని కానిస్టేబుల్ బయలుదేరాడు. పార్కులో నడకకొచ్చినవాళ్ళు నడక మాని వెంటపడ్డారు. వాళ్ళతోపాటు వార్త కూడా కదిలింది. పార్కు గేటు దగ్గర "గోడలో పళ్ళు దొరికాయట" అన్నది వీధి మలుపులో "పుర్రె దొరికిందట" అయింది. స్కూలు దగ్గరికి వచ్చేసరికి పుర్రెలు మూడు.

మైదానంలో పిల్లలు గీత మీద నిలబడి ఉన్నారు. వేదిక మీద హెడ్మాస్టరు మైకు పట్టుకుని, పెద్దాయన కాసేపట్లో విజిల్ ఊదుతారని అప్పటికే ఎన్నోసార్లు చెప్పాడు. పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నోటికి చేతిరుమాలు. కళ్ళలో నిప్పులు. పక్కన కూతురు ఆయన చెయ్యి పట్టుకుని గేటువైపే చూస్తోంది. నాన్నను ఏం చెప్పి తీసుకొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఆయన విజిల్ మాత్రం తీసుకురాలేదు. ఊదలేనిది మెడలో వేసుకుని ఊరేగడమెందుకని ఇంట్లోనే విసిరికొట్టారు.

భర్త రావడం చూసి ఆమె ముఖం విప్పారింది. భర్త కాలరు కానిస్టేబుల్ చేతిలో ఉండటం చూసి వాడిపోయింది.

"ఏమైందండీ? పళ్ళేవీ?"

"వస్తున్నాయి. కానిస్టేబుల్ గారి జేబులో వస్తున్నాయి."

కానిస్టేబుల్ పెద్దాయన ముందు వంగాడు. రుమాలు కప్పుకున్న ముఖం, లోపలికి పోయిన బుగ్గలు చూసి జాలిపడ్డాడు. "పెద్దాయనా, మీరెవరికీ భయపడక్కర్లేదు. నేనున్నాను. మీ పళ్ళు పట్టుకుపోయింది ఇతనేనా?"

పెద్దాయన అల్లుడి వంక తేరిపార చూశారు. తల నిలువుగా ఊపారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మావయ్యగారూ!" అన్నాడు మేస్త్రీ.

"నాన్నా, అలా కాదు నాన్నా! వివరంగా చెప్పండి!" అని కూతురు ఏడుపందుకుంది. చెప్పాలంటే రుమాలు తియ్యాలి. ఇంతమంది ముందు రుమాలు తియ్యడం కంటే అల్లుడు జైలుకు పోవడమే నయమని పెద్దాయన అనుకున్నారో ఏమో, రుమాలును ఇంకా గట్టిగా అదుముకున్నారు.

"పద స్టేషన్‌కు" అని కానిస్టేబుల్ కాలరు లాగాడు. వెంటొచ్చిన జనం గేటు తోసుకుని లోపలికి పడ్డారు. ఎవరో "పట్టుకోండి, పారిపోతున్నాడు!" అని అరిచారు. ఆ అరుపునే పందెం మొదలైన గుర్తు అనుకుని గీత మీది పిల్లలు ఒక్కసారిగా పరుగెత్తారు. పెద్దవాళ్ళు ఇటు, పిల్లలు అటు. ఎదురెదురుగా వస్తున్న రెండు గుంపుల మధ్య చిన్న క్లాసు పాప ఒకతి చెప్పు ఊడి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. హెడ్మాస్టరు మైకులో "ఆగండి, ఆగండి" అంటున్నాడు. ఎవరు వింటారు?

పెద్దాయన లేచి నిలబడ్డారు. ఎప్పుడు లేచారో కూతురు కూడా చూడలేదు. అల్లుడి పిడికిట్లోంచి తొంగిచూస్తున్న ఇత్తడి విజిల్ లాక్కున్నారు. రుమాలు కింద పడింది. పళ్ళు లేని చిగుళ్ళ మధ్య విజిల్ నిలవదు కదా, జారబోయింది. జన్మలో చెయ్యనని శపథం పట్టిన పని చేశారప్పుడు. రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, ఊపిరంతా కూడదీసి ఊదారు.

మైదానం బిగుసుకుపోయింది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. జనంలో సగంమంది ఆ స్కూల్లో చదివినవాళ్ళే, వాళ్ళ మడమలు వాటంతట అవే దగ్గరికొచ్చాయి. కానిస్టేబుల్ అల్లుడి కాలరు వదిలేసి కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. రెండో విజిల్‌కు కవాతు మొదలుపెట్టాడు, అదీ తప్పు కాలుతో.

"ఒరేయ్ తప్పుకాలూ! నువ్వట్రా?"

పళ్ళు లేని నోట్లోంచి ఆ మాట సగం గాలితో వచ్చింది. అయినా మైదానం చివరున్నవాడికి కూడా తెలిసింది.

"నేనేనండీ మాస్టారూ! రుమాలు అడ్డమొచ్చి గుర్తుపట్టలేకపోయానండీ!"

"పోలీసయ్యావు గానీ కాలు మాత్రం మార్చుకోలేదు. ముందు ఆ పాప చెప్పు వెతికి ఇవ్వు. తర్వాత అందర్నీ గీత వెనక్కి పంపు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురు చప్పున నాన్న వైపు తిరిగింది. పెద్దాయన కూడా ఆ నవ్వు విన్నారు. ఒక్క క్షణం ఆగి, ఆయనా నవ్వారు. చిగుళ్ళన్నీ కనబడేలా, నోరారా నవ్వారు. నాన్న నోరు తెరిచి నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో కూతురికి గుర్తే లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆ చేత్తోనే మొగుణ్ణి ఒక్కటి చరిచింది.

పందేలు సవ్యంగా మొదలయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి అన్నిటికీ పెద్దాయనే ఊదారు, హెడ్మాస్టరు ఇమ్మన్నా విజిల్ ఇవ్వలేదు. చివర్లో కానిస్టేబుల్ చేతులు కట్టుకుని వచ్చాడు. రుమాలు విప్పి పళ్ళు ముందు పెట్టాడు.

"మాస్టారూ, ఇవి మీవేనని ఒక్క మాట చెబితే ఇచ్చేసి పోతానండీ."

మేస్త్రీ ముందుకు జరిగాడు. ఆ పళ్ళు చెక్కడానికి ఎంత కష్టపడ్డాడో ఆయనకే తెలుసు. పెద్దాయన పళ్ళ వంక చూశారు, విజిల్ వంక చూశారు.

"నావి కావురా. నావి ఎప్పుడో ఊడిపోయాయి."

"మరి... మీ అల్లుడు, మాస్టారూ?"

"వాడు నావాడే. వదిలెయ్."

ఆ పళ్ళు ఇప్పటికీ పోలీస్ స్టేషన్ బీరువాలోనే ఉన్నాయి. కనిపెట్టడం చాలా సులువు, తీసుకోవడమే కష్టం అని గుంపులో వాటికే ఆ నెల పోటీ మొదటి బహుమతి ఇచ్చారు.