నాచు పట్టిన పట్టా

ఒక పెద్ద అడవిలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న గుహలో ఒక సింహం కొలువుండేది. పొరుగు అడవి పులికి లేని దర్జా తనకుండాలని గుహలో ఉప్పునీటి తొట్టె కట్టించి, చారల చేపలను పెంచసాగింది. వాటిని చూసుకునే ఉద్యోగం నీటికుక్కకు ఇచ్చారు.

చేరిన రోజునుంచీ నీటికుక్కకు కంటిమీద కునుకు లేదు. చేపలు తినే జాతి తనది. ఒక్కటి తగ్గినా "ఇంకెవరు తింటారు?" అంటారు. అందుకే అందరూ చూసేలా గుహ వాకిట్లో కూర్చుని పీతలే తినేది.

ఇంతలో తొట్టెలో నాచు పట్టింది. చేపలు రొప్పసాగాయి. నీటికుక్క బుర్ర బద్దలుకొట్టుకుని ఎండ పడేచోట ఒక కొబ్బరిపీచు పట్టా వేలాడదీసింది. కోతులు తొట్టెలో నీళ్లు తోడి పోస్తే, అవి పట్టా మీదుగా జారి మళ్లీ తొట్టెలోకే చేరతాయి.

"నాచు ఎక్కడో ఒకచోట పెరగక మానదు ప్రభూ! నీళ్లలో మురికే దాని తిండి. ఆ తిండంతా పట్టా మీద నాచు తినేస్తే, తొట్టెలో నాచుకు పస్తే. అప్పుడప్పుడు గీకి పారేస్తే చాలు" అని సింహానికి విన్నవించింది.

నెల తిరక్కుండానే తొట్టె తేటపడింది. పట్టా మాత్రం పచ్చగా, జిగటగా, చూడ్డానికి రోతగా తయారైంది. దాని పనే అది.

అప్పుడు శుభ్రతాధికారి నక్క తనిఖీకి వచ్చింది. నేరుగా పట్టా దగ్గరకెళ్లి ముక్కు మూసుకుంది.

"ఛీ ఛీ! రాజుగారి గుహలో ఇంత మురికా? ఎవరు దీనికి బాధ్యులు?"

"నేనేనండీ. మురికంతా దానికే పట్టాలని పెట్టాను."

"పెట్టిందీ నువ్వే, ఒప్పుకుంటున్నదీ నువ్వే. ఇంకా విచారణెందుకు?"

"అయ్యా, ఒక్కసారి తొట్టె చూడండి."

"తొట్టె బాగానే ఉందిగా! బాగున్నదాన్ని తనిఖీ చెయ్యడానికి నేనేమైనా పనిలేనివాణ్ణా?"

పట్టాను రెండుపూటలా తోమాలని ఆజ్ఞ వెలువడింది. కోతులు తోమాయి. పట్టా తళతళలాడింది. సింహం మెచ్చి నక్క మెడలో దండ వేసింది.

నాచు మెల్లగా తొట్టెలోకి మకాం మార్చింది. చేపలు మళ్లీ రొప్పసాగాయి. నీటికుక్క పరుగున వెళ్లి మొరపెట్టుకుంటే, "పట్టా మెరుస్తోందా లేదా? అది చెప్పు ముందు" అంది నక్క.

నీటికుక్క తొట్టె పక్కన కూలబడింది. చేపలు ఇక్కడే చస్తే శవాలు తేలతాయి, తను తినలేదని లోకానికి తెలుస్తుంది. సముద్రంలో వదిలితే తన బతుకు బజారున పడుతుంది. ఊరుకుందామనే అనుకుంది. అన్నిటికన్నా చిన్న చేప పైకొచ్చి నోరు తెరిచింది. నీటికుక్క మనసు చివుక్కుమంది.

దానికి చేతుల్లో పట్టుకుని పరిగెత్తడం రాదు. పట్టపగలు, ఒక్కొక్క చేపనే పన్ను తగలకుండా నోట కరుచుకుని వెళ్లి సముద్రంలో వదిలింది. కోతులు చెట్టెక్కి చూశాయి.

మర్నాడు సభ జరిగింది.

"నీ నోట్లో చేప ఉండగా చూశామంటున్నారు. నిజమేనా?" అడిగింది సింహం.

"నిజమే ప్రభూ. కానీ తినలేదు, సముద్రంలో వదిలాను."

"అయితే సాక్ష్యానికి రమ్మను వాటిని!" అంది నక్క.

నీటికుక్క సముద్రం వైపు చూసింది. అలలు తప్ప ఏమీ రాలేదు. దాన్ని అడవి నుంచి వెళ్లగొట్టారు.

నీతి: కొలువు నిలవాలంటే చేపల్ని చావనివ్వాలి, బతికిస్తే సాక్ష్యం ఈదుకుంటూ పోతుంది.