కొత్త మిషను కింద మరక

ఆ ఉదయం అర్వో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి కాఫీ. ఆరున్నరకి షెడ్డు తలుపు తీసి మంచు ఎగజిమ్మే కొత్త మిషను బయటికి తెచ్చుకోవడం. ఏడున్నరకల్లా పక్కింటి సైమా వాకిలి అద్దంలా చేసేయడం. ఎనిమిదింటికి ఆమె మేనకోడలు కారు దిగే వేళకి ఏమీ ఎరగనట్టు తన కిటికీ దగ్గర పేపరు చదువుతూ కూర్చోవడం.

సైమా, అర్వో ఒకే బడిలో చదువుకున్నారు. నలభై ఏళ్లుగా పక్కపక్క ఇళ్లలో ఉంటున్నారు. ఆమె భర్త పోయిన నాటినుంచి, అంటే పదకొండేళ్లుగా, మంచు పడ్డ ప్రతి ఉదయం ఆమె వాకిలి శుభ్రం చేసేది అర్వోనే. మధ్యాహ్నానికి అతని తలుపు పిడికి ఏలకుల రొట్టె ఉన్న సంచీ ఒకటి వేలాడేది. దాని గురించి ఇద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు. సరస్సు ఒడ్డునున్న ఈ కివీనా ప్రాంతంలో మనుషులు మేలు చేసినా దొంగతనం చేసినంత గుట్టుగా చేస్తారు.

ఈసారి సంగతి వేరు. "మొదటి మంచుకి వచ్చి చూస్తానత్తా. వాకిలి శుభ్రం చేసుకోలేకపోయావంటే ఈ ఇల్లు మూసేసి నాతో వచ్చెయ్యాల్సిందే" అని మేనకోడలు తెగేసి చెప్పింది. సుపీరియర్ సరస్సు మీంచి వీచిన గాలి తెల్లారేసరికి మోకాలి లోతు మంచు దింపింది. సైమా వెళ్లిపోతే ఏం చెయ్యాలో అర్వోకి తెలియదు. ఆ ఊహకే వారం రోజులుగా తిండి సయించడం లేదు.

పాత మిషను మార్చిలో ప్రాణం విడిచింది. కొత్తది ఏప్రిల్లో తెచ్చి, ఒక్కసారైనా నడపకుండా, దుప్పటి కప్పి వేసవంతా పసిబిడ్డలా చూసుకున్నాడు. ఇప్పుడు తలుపు తీసి దుప్పటి లాగితే దాని కింద పళ్లెమంత మరక కనిపించింది.

వేలితో తాకి వాసన చూశాడు. పెట్రోలు కాదు, ఆయిలు. ఎక్కణ్ణించి కారుతోందో పట్టుకుందామని నేల తుడిచి, శుభ్రమైన అట్టముక్క పరిచి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు నిమిషాలకి ఒక చుక్క పడింది. అడుగున ఆయిలు దించే బోల్టు బిగించాడు. మళ్లీ చుక్క. ఇంకాస్త బిగించాడు. ఈసారి రెండు చుక్కలు.

"ఏరా, ప్రార్థన చేస్తున్నావా?" అంటూ ఎదురింటి వెర్నర్ కాఫీ కప్పుతో సహా లోపలికొచ్చాడు. ఊళ్లో అగ్నిమాపక దళానికి పెద్ద అతనే. పనిలేని రోజుల్లో అందరి పనికీ పెద్దే.

"కారుతోందిరా."

"కొత్తదేగా!"

"అందుకే ఏడుపొస్తోంది."

వెర్నర్ ఫోన్ చేస్తే అర్వో బావమరిది ఒన్ని రెంచీల పెట్టెతో ఊడిపడ్డాడు. మిషను చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "అడుగు చూడందే చెప్పలేం బావా. ముక్కు మీద నిలబెట్టండి" అన్నాడు. ముగ్గురూ ఆపసోపాలు పడి నిలబెట్టారు. పావుగంట సేపు టార్చి వేసి చూసి, అడుగు భాగం చాలా శుభ్రంగా ఉందని తేల్చారు. మళ్లీ దించారు.

"ఇంజను వేడెక్కితే తెలుస్తుంది. వెయ్యి" అన్నాడు ఒన్ని.

వేశాడు. తలకిందులుగా ఉన్నంతసేపూ ఇంజను లోపలికి దిగిన ఆయిలంతా ఒక్కసారిగా మండింది. తెల్లటి పొగ షెడ్డు నిండి, తలుపులోంచి వీధిలోకి పొర్లింది. అటుగా వెళ్తున్న స్కూలు బస్సు డ్రైవరమ్మ అది చూసి, చేయాల్సిన పని చేసింది. రెండు నిమిషాల్లో వెర్నర్ జేబులో అగ్నిమాపక దళం పేజరు కుయ్యిమంది.

"ఎక్కడట?" అడిగాడు అర్వో దగ్గుతూ.

వెర్నర్ చదివి తల గోక్కున్నాడు. "ఇక్కడే."

"రావద్దని చెప్పు!"

"పిలుపొస్తే బండి రావాల్సిందేరా. ఆ రూలు పెట్టింది నేనే."

బండి వచ్చింది. ఆరుగురు దిగారు. మంట లేదని తెలిశాక ఒక్కడూ వెనక్కి వెళ్లలేదు. కొత్త మిషను కారుతోందంటే కివీనాలో మగవాడన్నవాడు చూడకుండా కదలడు. తలా ఒక బోల్టు తిప్పారు. చివరికి వాళ్లలో ఒకడు ఆయిలు కొలిచే పుల్ల లాగి చూసి, "ఇదేంటి పెద్దాయనా, గీత దాటి ఇంత పైకుంది! ఎక్కువైంది ఎటోచోట కారక ఏం చేస్తుంది? ఎంత పోశావు?" అన్నాడు.

"పుస్తకంలో రాసినంతే పోశాను. ఏప్రిల్లో."

ఒన్ని గొంతు సవరించుకున్నాడు. "ఆగస్టులో నువ్వు చేపలకి వెళ్లినప్పుడు నేనో సగం సీసా పోశాను బావా. కొత్తవి ఖాళీగా వస్తాయిగా, నువ్వు మర్చిపోయుంటావని."

అందరూ వెర్నర్ వైపు చూశారు. వెర్నర్ కప్పులోకి చూశాడు.

"మిగిలిన సగం అక్టోబర్లో నేను పోశాన్రా."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు థాంక్స్ చెప్పాలి. ఆ ఇబ్బంది దేనికని."

అంతలో బయట కారు హారన్ మోగింది. ఎనిమిదైంది. అర్వో ముఖం పాలిపోయింది. గోడకున్న పార లాక్కుని, అందర్నీ తోసుకుంటూ పరిగెత్తాడు. గట్టిగా బతిమాలితే మేనకోడలు పది నిమిషాలు ఆగదా అనుకున్నాడు.

సైమా వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా శుభ్రంగా ఉంది. అంచులు తాడు పట్టి కోసినట్టున్నాయి. అర్వో వాకిలి కూడా, అగ్నిమాపక బండి నిలబడ్డంత మేర తప్ప, శుభ్రంగానే ఉంది. మధ్యలో బుగ్గలు ఎర్రబడ్డ సైమా పార మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇదంతా నువ్వే చేశావా అత్తా?"

"మరి? మగాళ్లంతా షెడ్డులో దూరారు."

మేనకోడలు రెండు వాకిళ్లనీ ఎగాదిగా చూసింది. "సరే, ఇంక నిన్ను రమ్మనను. లోపల కాఫీ ఉందా?" అంటూ మెట్లెక్కింది.

అర్వో ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. అతను మాత్రం, ఇక తనతో పనేముందన్నట్టు, పార దించేశాడు. "నీకింత చాతనవుతుందా?"

"ఎప్పుడూ చాతనయ్యేదే. మంచు పడ్డప్పుడల్లా ఐదున్నరకే లేచి బూట్లు వేసుకునేదాన్ని. నీ మిషను చప్పుడు వినగానే విప్పేసి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని."

"పదకొండేళ్లూనా? చెప్పొచ్చుగా!"

"చెప్తే రావడం మానేస్తావుగా."

అర్వో చేతిలోని పారని అటూ ఇటూ మార్చుకున్నాడు. "నువ్వు వెళ్లిపోతావేమోనని వారం నుంచీ ముద్ద దిగడం లేదు సైమా" అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

"నేనెక్కడికీ వెళ్లను. రొట్టె వేడిగా ఉంది, ఈసారి లోపలికొచ్చి తిను" అంది సైమా. ఆమె కళ్లు చెమర్చాయి. అది చలికి కాదు.

మరుసటి వారం మళ్లీ మంచు పడింది. ఎక్కువైన ఆయిలు తీసేశాక మిషను ఒక్క చుక్క కారకుండా భేషుగ్గా నడుస్తోంది. అయినా అర్వో సైమా వాకిట్లోకి పార పట్టుకునే వెళ్లాడు, ఆ పనికి ఎక్కువసేపు పడుతుంది కనుక.