సూర్యావతిగారి సముద్రస్నానం

శుక్రవారం పొద్దున్నే సముద్రంలో మూడు మునకలు వేసి, ఎండెక్కేలోగా గదికొచ్చి, పప్పు కుక్కరెక్కించి పడుకోవాలన్నది వెంకటసత్యనారాయణగారి ఆలోచన. అంతకన్నా పెద్ద కోరికలు పెట్టుకునే ఓపిక ఆయనకు పోయి రెండేళ్ళయింది.

భార్య సూర్యావతి పోయి కూడా రెండేళ్ళే. అంతకుముందెప్పుడో ఆయనకు పచ్చకామెర్లు వస్తే ఆవిడ మొక్కుకుంది. తగ్గితే కార్తీకమాసంలో మొగుడూ పెళ్ళాలిద్దరం కొంగులు ముడేసుకుని సముద్రంలో సరిగంగ స్నానం చేస్తామని. కామెర్లు తగ్గాయి. కానీ ఆయన ఉద్యోగం కువైట్‌లో, ఆవిడ కాపురం రాజోలులో. సెలవు దొరికితే అది కార్తీకం కాదు, కార్తీకం వస్తే సెలవు దొరకదు. చివరికి ఆవిడే ఆగలేకపోయింది. ఈ ఏడు కార్తీకానికి కూడా కంపెనీ సెలవు ఇవ్వనంది. ఆవిడకు బాకీపడ్డ మాట అదొక్కటే. ఆవిడ ఆకుపచ్చ నేతచీర ఒకటి ఆయన పెట్టెలో ఉంది. మనిషి రాలేకపోతే చీరైనా వస్తుందనుకున్నారు.

"ఏ సముద్రమైనా సముద్రమేనంటావా చినబాబూ?" అని అడిగారు. చినబాబు ఆయన గదిలోనే ఉండే కుర్ర డ్రైవరు.

"నీళ్ళు ఉప్పగా ఉంటే సముద్రమేనండి బాబాయ్‌గారూ. కాపోతే ఊరొడ్డున ఆ రాళ్ళ మీద జారిపడితే మొక్కుతోపాటు తవరూ తీరిపోతారు. కొత్తగా కట్టిన బీచికి ఎల్దాం రండి."

సముద్రంలోకి రాళ్ళగోడ కట్టి, లారీలతో ఇసుక పోయించి, లోపలికి నడుంలోతు నీళ్ళు వదిలారక్కడ. అలలుండవు, కాళ్ళకు తారు అంటుకోదు. మోకాళ్ళనొప్పుల వాళ్ళ మీద ప్రభుత్వానికి ఇంత దయ ఉందని సత్యనారాయణగారికి అంతవరకూ తెలియదు.

గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. శుక్రవారం కుటుంబాలకే ప్రవేశం. ఒంటరి మగవాళ్ళు వెనక్కి వెళ్ళాలి.

"ఫ్యామిలీయే భాయ్," అన్నాడు చినబాబు హిందీలో. "మేడమ్ ఇందాకే లోపలికెళ్ళారు. టికెట్లు తీసుకుందామని సారు ఆగారు."

రెండు టికెట్లు కొనిచ్చి, తను బ్రహ్మచారి గనక కారు దగ్గరికి పోయాడు. సత్యనారాయణగారు చంకలోని చీర సంచీని తడుముకున్నారు. మరీ పచ్చి అబద్ధం కాదులే అనిపించింది.

జనం తక్కువగా ఉన్న మూల చూసుకుని నీళ్ళలోకి దిగారు. నడుముకు చుట్టుకున్న ఉత్తరీయానికి చీరకొంగు ముడేసి, ముక్కు పట్టుకుని మొదటి మునక వేశారు. లేచేసరికి చీర నీళ్ళమీద బారుగా పరుచుకుంది. వెంటనే ఈల వినబడింది. ఎత్తుమీద కూర్చున్న ఈజిప్టు లైఫ్‌గార్డు, దూలమంత మనిషి, నీళ్ళలోకి దూకి ఆయన్ని ఒక చేత్తో ఒడ్డున పడేశాడు. రెండో చేత్తో చీర పట్టి లాగాడు. లాగిన కొద్దీ చీర వచ్చింది. చీర అయిపోయింది గానీ మనిషి రాలేదు.

"మదామ్ ఎక్కడ?" అన్నాడు రొప్పుతూ.

"మదామ్ లేదు."

"మరి ఇదెవరిది?"

"మదామ్‌దే."

"నీతోపాటు నీళ్ళలోకి దిగిందా?"

సత్యనారాయణగారు ఆలోచించారు. ముడి పడింది, మునక పడింది. ఇప్పుడు లేదంటే మొక్కు చెల్లదు.

"దిగింది," అన్నారు.

సైరన్ మోగింది. పిల్లల్నీ పెద్దల్నీ నీళ్ళలోంచి తోలేశారు. గార్డులందరూ చేతులు పట్టుకుని వరసగా నీటి అడుగు జల్లించడం మొదలుపెట్టారు. గేటు కాపలావాడు పరుగెత్తుకొచ్చి, "నేను నా కళ్ళతో చూశాను. పొట్టిగా, బొద్దుగా ఉంది," అని బీచి ఆఫీసరుకు సాక్ష్యం చెప్పాడు. ఎవరో ఆడమనిషి ఆకుపచ్చ చీరావిడ ఐస్‌క్రీమ్ కొనుక్కుంటుంటే చూశానంది హిందీలో.

సత్యనారాయణగారు ఆవిడవైపు తిరిగారు.

"నవ్వుతూ ఉందా అమ్మా?" అని అడిగారు.

"ఆఁ, నవ్వుతూనే ఉంది పాపం!"

ఆయనకు ఎందుకో కొంచెం హాయిగా అనిపించింది.

ఒడ్డున ఒక కువైటీ ముసలావిడ నల్ల అబాయా అంచుతో కళ్ళొత్తుకుంటోంది. ఆవిడ ఇంట్లో పనిచేసే ఆసియా బీ, రాయచోటి మనిషి, ఇసకలో పడివున్న చీర చూసి దగ్గరికొచ్చింది.

"నాయనా, నీది తెలుగేనా? అమ్మ యాడ మునిగింది?"

ఎవరైనా తెలుగులో అడిగితే చాలన్నట్టుంది ఆయన పరిస్థితి. మొదటినుంచీ చెప్పేశారు.

"రెండేండ్లాయనా పోయి? మరి వీళ్ళు ఇంతసేపట్నుంచి ఎవుర్ని ఎతకతాండారు?"

"అది వాళ్ళు చెప్పలేదమ్మా."

ఆసియా బీ వెళ్ళి తన యజమానురాలికి అరబ్బీలో అంతా చెప్పింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని, ఈసారి కొత్త కారణానికి మళ్ళీ ఏడ్చింది. ఆఫీసరు మాత్రం ఏడవలేదు. గేటు కాపలావాడికి గేటు దగ్గర అర్జంటు పని తగిలింది.

"ఖలాస్!" అన్నాడు ఆఫీసరు. "స్టేషనుకు నడు. నీకు వీసా ఇచ్చిన కఫీల్ వచ్చి విడిపించుకుంటాడు."

"అలాగే సార్. ఇంకా రెండు మునకలున్నాయి. అవి కానిచ్చి వస్తాను."

ఆసియా బీ ఆ మాట కూడా దాచకుండా చెప్పేసింది. ముసలావిడ లేచి ఆఫీసరు ఎదురుగా నిలబడింది.

"చచ్చిపోయిన పెళ్ళానికిచ్చిన మాట తీరుస్తున్నాడు. మీలో ఒక్కడైనా బతికున్న పెళ్ళానికిచ్చింది తీర్చాడా?"

ఆఫీసరు ఇసకవైపు చూశాడు. గార్డులూ ఇసకవైపే చూశారు. చివరికి ఆఫీసరు ఒక షరతు పెట్టాడు. ఇంత గొడవయ్యాక ఈ మనిషి నిజంగానే మునిగిపోతే తన ఉద్యోగం పోతుంది. అందుకని లైఫ్‌గార్డు పక్కనే ఉండి తీరాలి.

ఉత్తరీయం ముడి ఇంకా ఊడలేదు. లైఫ్‌గార్డు చీర రెండో కొస తీసుకుని తన నడుముకు బిగించి కట్టుకున్నాడు. ఆయన నడుముకూ, తన నడుముకూ మధ్య తాడులా. అంత పెద్ద మడుగులో వేరే నరపురుగు లేదు. అద్దంలా ఉన్నాయి నీళ్ళు. సత్యనారాయణగారు మునిగారు. కట్టు లాగేసరికి ఈజిప్టువాడూ మునిగాడు. మూడో మునకకు చెప్పకుండానే అతనూ ముక్కు పట్టుకున్నాడు. ఒడ్డునుంచి పిల్లలు చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక ఆసియా బీ చీర రెండో కొస పట్టుకుని పిండింది. ఆఫీసరు స్టేషను మాట ఎత్తలేదు. "యల్లా, ఇంటికి," అన్నాడు.

కార్లో కూర్చోగానే చినబాబు, "సైరన్ మోగితే ఎవరో పోయారనుకున్నానండి," అన్నాడు. జరిగింది విని బ్రేకు తొక్కేశాడు.

"అంటే సరిగంగ స్నానం ఆ ఈజిప్టాయనతో చేసేశారా! మరి పుణ్యంలో సగం ఆయనకెళ్ళిపోదాండీ? పిన్నిగారికేం మిగిలినట్టు?"

సత్యనారాయణగారు తడిచీరను కిటికీలోంచి గాలికి పెట్టి, సీటుకు జారగిలబడి కళ్ళు మూసుకున్నారు.

"అతనికి రాదురా," అన్నారు. "అతను డ్యూటీలో ఉన్నాడు."