ఒకసారికి ఒకటే మార్పు

ఆ శనివారం ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కారు స్టార్ట్ చెయ్యాలి, భార్యతో వేసుకున్న పందెం గెలవాలి. మొదటి పని నిర్విఘ్నంగా జరిగింది.

ఆయన కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. షెడ్డులో ఉన్నది వయసులో ఆయన కంటే కాస్త చిన్నదైన నీలం రంగు కారు. గుండ్రటి దీపాలు, మెత్తటి సీట్లు, అద్దంలా మెరిసే ఒళ్ళు. లోపమల్లా ఒక్కటే. తాళం తిప్పితే స్టార్టరు "ఊఁ... ఊఁ... ఊఁ..." అని, మధ్యాహ్నం కునుకులోంచి లేపిన పెద్దమనిషిలా మూలిగి మళ్ళీ పడుకునేది. పోయిన వేసవి నుంచీ ఇదే వరస.

ఇల్లాలికి ఆ కారు మీద కోపం లేదు. షెడ్డు మీద ఆశ ఉంది. ఆవిడ రోజూ ఆఫీసుకు వెళ్ళే చిన్న కారు ఏళ్ళ తరబడి గేటు దగ్గర ఎండకు ఎండి, వానకు తడిసి, ఏ రంగుదో చెప్పలేని స్థితికి వచ్చింది. అందుకే పాత కార్లు కొనే వ్యాపారికి కబురు పెట్టింది.

"పదింటికి లారీ వేసుకుని వస్తాడండీ. ఈలోగా మీ కారు స్టార్టయిందా, ఇక జన్మలో అమ్మమనను. కాలేదా, ఎక్కించేస్తాను."

"మాట మీదుంటావా?"

"నేనెప్పుడు తప్పానూ?"

నిజమే, ఆవిడ ఎప్పుడూ తప్పలేదు. మాస్టారి గుండె జారింది కూడా అందుకే. ఆ కారు లేని షెడ్డును ఊహించుకుంటే ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"బావా, నేనూ ఓ చెయ్యి వెయ్యనా?" అన్నాడు సెలవు పెట్టి అక్కగారింటికి వచ్చిన బావమరిది.

"వద్దు. నువ్వొకటీ నేనొకటీ మారిస్తే దేనివల్ల బాగైందో తేలదు. ఒకసారికి ఒకటే మార్పు. ఉద్యోగమంతా పిల్లలకు ఇదే చెప్పాను."

"బాగైతే చాలు కదా బావా?"

ఈ ప్రశ్నకు ల్యాబులో జవాబు లేదు. మాస్టారు స్పానరు అందుకున్నారు.

ఆయన మొదటి అనుమానం బ్యాటరీ మీద. మంచి బ్యాటరీ పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. దగ్గర్లో ఉన్న మంచి బ్యాటరీ ఇల్లాలి కారులోది. అడిగితే ఇవ్వదు. కానీ ఆవిడ ఇప్పుడే స్నానానికి వెళ్ళింది. కంచే చేను మేసినట్టు, మాస్టారు సొంత భార్య కారు బానెట్టెత్తి, బ్యాటరీ విప్పుకుని, చప్పుడు కాకుండా బానెట్టు మూసేశారు.

సరిగ్గా అదే సమయంలో బావమరిది షెడ్డులో దూరాడు. వద్దంటే ఊరుకునే వంశం కాదు వాళ్ళది. ఇంజనుకూ కారు ఒంటికీ మధ్య జడలా అల్లిన ఎర్త్ వైరు ఒకటి ఉంటుంది. కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్ళే దారి అదే. దాన్ని శుభ్రంగా గీకి, బావ చూడకముందే బిగించేస్తే సరిపోతుందనుకుని, విప్పి పెరట్లోకి పట్టుకుపోయాడు.

మాస్టారు వచ్చి తన బ్యాటరీ తీసి నేల మీద పెట్టారు. భార్య బ్యాటరీ బిగించి తాళం తిప్పారు. ఈసారి "ఊఁ" కూడా పూర్తిగా రాలేదు. పైగా డాష్‌బోర్డు నుంచి ఇంజనుకు వెళ్ళే చోక్ తీగలోంచి పొగ లేచింది. పెద్ద దారి మూస్తే జనం సందుల్లో దూరినట్టు, కరెంటు ఆ సన్నటి తీగలో దూరింది. పాపం, దారి మూసిన సంగతి ఆయనకు తెలియదు. గభాలున తాళం తీసేసి ఆలోచించారు. "మార్చింది బ్యాటరీ ఒక్కటే. పొగ వచ్చింది. కాబట్టి మా ఆవిడ బ్యాటరీ మంచిది కాదు" అని తేల్చారు. ఎందుకైనా మంచిదని స్టార్టరును కూడా ఓసారి చూడ్డానికి కారు కిందికి దూరారు.

పది కావస్తోంది. లారీకి దారి ఇద్దామని ఇల్లాలు గేటు దగ్గరున్న తన కారెక్కి తాళం తిప్పింది. అది టిక్కుమని కూడా అనలేదు.

"ఒరేయ్ తమ్ముడూ! దీనికేమొచ్చిందో చూడు!"

బావమరిది పెరట్లోంచి షెడ్డు మీదుగా పరుగెత్తుకొచ్చి, బానెట్టెత్తి, నోరెళ్ళబెట్టాడు. "దీనికేమీ రాలేదక్కా, ఉన్నదే పోయింది. బ్యాటరీ ఎవరో ఎత్తుకెళ్ళారు!"

"పట్టపగలా? గేటు వేసుండగానా?"

"ఆరితేరిన దొంగక్కా. బానెట్టు కూడా మూసి వెళ్ళాడు."

కారు కింద మాస్టారు ఈ మెచ్చుకోలు విని ఊపిరి బిగబట్టారు. బయటికి వెళ్ళి ఒప్పుకుందామనే అనుకున్నారు. ఇంతలో "పోలీసులకు ఫోన్ చేస్తాను" అన్న మాట వినపడేసరికి ఉన్నచోటే నయమనిపించింది.

"ముందు గేటు ఖాళీ చేద్దామక్కా. షెడ్డులో బావ బ్యాటరీ నేల మీదుంది, అది పెడతాను."

"ఆ ముసలి బ్యాటరీయా? అదేం కదుపుతుంది!"

మాస్టారి ముక్కు పక్కనుంచే బావమరిది కాళ్ళు వచ్చాయి, బ్యాటరీతో సహా వెళ్ళాయి. బిగించడం అయింది. ఆవిడ తాళం తిప్పీ తిప్పగానే చిన్న కారు ఇంజను గిర్రున తిరిగి స్టార్టయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు నయం. మాస్టారు వెల్లకిలా పాకుతూ బయటికొచ్చి, గేటు దాకా పరుగెత్తి, రెండు చేతులూ ఎత్తి కేకేశారు.

"నా బ్యాటరీ మంచిదే! తప్పు ఇంకెక్కడో ఉంది!"

"అలాగా. మరి నా బ్యాటరీ ఏదండీ?"

"నీది నా కారులోనే..." అని, మిగతా మాట మింగేశారు.

ఇల్లాలు నెమ్మదిగా ఇంజను ఆపింది. "పోలీసులకు దొంగ పేరేమని చెప్పమంటారు?"

దొంగ దొరికేసరికి బావమరిదికీ ధైర్యం వచ్చింది. పెరట్లోంచి ఎర్త్ వైరు తెచ్చి చూపించాడు. "నేనూ ఒకటి విప్పాను బావా. వైరు బాగానే ఉంది. కానీ అది బిగించే చోట ఇంత మందాన నీలం రంగుంది. ఇనుముకు ఇనుము తగలకపోతే కరెంటెలా పోతుంది? ఏ వెధవ వేశాడు బావా ఆ రంగు?"

పోయిన వేసవిలో బానెట్టు కిందంతా మూడు పూతలు స్వహస్తాలతో వేసింది మాస్టారే. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

రంగు గీకారు, వైరు బిగించారు. వీధిలో లారీ హారను మోగింది. "నా వల్ల కాదు, నువ్వు తిప్పు" అని మాస్టారు తాళం భార్య చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని ఇంజను పక్కన నిలబడ్డారు.

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని తిప్పింది. మూలుగు లేదు. ఒక్క విసురుకు ఇంజను అందుకుని, నిండుగా తిరగసాగింది. మాస్టారు ఏడ్చేశారు. దాచుకోను కూడా లేదు.

వ్యాపారి లోపలికొచ్చి బిక్కమొహం వేశాడు. "స్టార్టవదన్నారు కదమ్మా! ఇప్పుడు లారీ ఖాళీగా తీసుకెళ్ళాలా?"

ఇల్లాలు స్టీరింగు నిమిరింది. ఈ కారులో ఇన్నేళ్ళూ పక్క సీటే తెలిసిన ఆవిడకు, ఈ సీట్లోంచి చూస్తే దారి ఎంత బాగుంటుందో ఇప్పుడే తెలిసింది.

"ఖాళీగా ఎందుకు? గేటు దగ్గరున్న చిన్నది ఎక్కించుకోండి. ఇక నేను ఆఫీసుకు దీంట్లోనే వెళ్తాను." తర్వాత భర్త వైపు తిరిగింది. "చూశారా అండీ, మాట తప్పలేదు. మీ కారు అమ్మలేదు."

"మరి నేనో?"

"బాగుచేశారుగా. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి."

సోమవారం పొద్దున్నే నీలం కారు ఒక్క విసురుకు స్టార్టయి ఆఫీసుకు వెళ్ళిపోయింది. మాస్టారు ఖాళీ షెడ్డులో కాసేపు నిలబడ్డారు. శుభ్రంగా ఉన్న స్పానర్లను మళ్ళీ తుడిచారు. ఇంట్లోకి వచ్చి కూర్చుని, చెవులు రిక్కించారు.

వాషింగ్ మెషీను కాస్త నిదానంగా తిరుగుతున్నట్టు ఆయనకు అనిపించింది.